వెనక నుంచి చదవాల్సిన పుస్తకాలు

ఈసారి ఏ పుస్తకం గురించి రాస్తున్నారని సంపాదకులు ఫోన్ చేసి అడిగినప్పుడు నాకు కాస్త సిగ్గేసింది. కొన్ని నెలలుగా నేను ఒక్క నవల కూడా చదవలేదు. స్నేహితులు ప్రేమతో పంపిన కథల సంపుటాలు నాలుగు బల్లమీద దుమ్ము పట్టి వున్నాయి. చదివినవల్లా మూడే మూడు పుస్తకాలు. మూడింటి అట్టమీదా విమానం బొమ్మే. మూడింటికీ రచయిత పేరు లేదు. మూడింటిలోనూ కథానాయిక మా అమ్మే.

"అవేం పుస్తకాలండీ?" అన్నారాయన ఆశ్చర్యంగా.

"ట్రావెల్ ఇన్సూరెన్సు పాలసీలు" అన్నాను.

"అయితే వాటినే సమీక్షించండి" అని నవ్వి ఫోన్ పెట్టేశారు. ఆయన వేళాకోళానికే అన్నారేమో తెలియదు గానీ, నేను మాత్రం నిజమనే తీసుకున్నాను. ఎందుకంటారా? ఈమధ్య చదివిన ఏ నవలా నన్నింత భయపెట్టలేదు. ఏ నవలా మా ఇంట్లో ఇన్నాళ్ళు దాగిన నిజాన్ని ఇలా బయటికి లాగలేదు.

సంగతేమిటంటే, మా చెల్లెలు అమెరికాలో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో వుంటుంది. దానికి నెలలు నిండుతున్నాయి. పురిటికి అమ్మ వెళ్ళాలి. ఇది మన ఇళ్ళల్లో ఇప్పుడు కొత్త విషయమేం కాదు. ఒకప్పుడు కూతురు పుట్టింటికి పురిటికి వచ్చేది, ఇప్పుడు పుట్టిల్లే సూట్‌కేసులో సర్దుకుని కూతురి దగ్గరికి వెళ్తోంది. తెనాలిలో అమ్మ ఒక్కతే వుంటుంది. నాన్నగారు పోయి ఆరేళ్ళు. వీసా రాగానే ఆవిడ బాలింత కాయానికి సామాన్లు తెప్పించుకుంది. శొంఠి, వాము, పిప్పళ్ళు, వెల్లుల్లి కారం, నడుంకట్టుకి పాత నేతచీర ముక్కలు... అన్నీ పొట్లాలు కట్టి పేర్లు రాసి పెట్టుకుంది. చెల్లెలు పంపిన జాబితాలో పద్నాలుగో వస్తువు 'ఇన్సూరెన్సు'. పదమూడోది గోంగూర పచ్చడి.

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మనవాళ్ళు వూరికే అనలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరినప్పుడు వంద మంది దాకా పరివారం వెంట వుంది. ఆ రోజుల్లో ఆయనకి ఇన్సూరెన్సు ఆ పరివారమే. అటువంటిది మన అమ్మలు డెబ్భైకి దగ్గరపడిన వయసులో, ఇంగ్లీషు రాకుండా, ఒంటరిగా, మధ్యలో ఏ దోహాలోనో విమానం మారి సగం భూగోళం దాటేస్తున్నారు. దారి తెలియక కాళ్ళు బాగున్నా చక్రాల కుర్చీ అడిగి మరీ కూర్చుంటున్నారు. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. కానీ వెంట వున్న పరివారం ఏదీ? ఒక చిన్న పుస్తకం! అందుకని ఆ పుస్తకం సంగతేమిటో చూద్దామనుకున్నాను.

యూరపులో చాలా దేశాలకి వెళ్ళాలంటే ఇన్సూరెన్సు లేనిదే వీసా ఇవ్వరు. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్యఖర్చుకి పాలసీ చూపించాలి. అమెరికా సందర్శకుల వీసాకి అలాంటి నిబంధన లేదు. అడగరు గనక మనవాళ్ళు అశ్రద్ధ చేస్తారు. 'అంత పెద్ద దేశంలో ప్రాణం మీదికొస్తే చూడరా?' అంటారు. చూస్తారు. అత్యవసర విభాగానికి వచ్చిన మనిషిని డబ్బు లేదని తిప్పి పంపకూడదని 1986లో అక్కడ చట్టం చేశారు. అయితే ఆ చట్టం వైద్యం చెయ్యమన్నది గానీ బిల్లు పంపవద్దనలేదు!

నేను బి.ఏ. తెలుగు చదువుకున్నదాన్ని. లెక్కలంటే ఇప్పటికీ కడుపులో నొప్పి వస్తుంది. కానీ మా లెక్చరరుగారు ఒక మాట చెప్పేవారు. పద్యంలో కవి చెప్పినదాన్ని ఎవరయినా చదువుతారు, చెప్పకుండా ఎక్కడ దాటేశాడో చూసినవాడే చదువరి అని. ఆ ఒక్క పనిముట్టు పట్టుకుని మూడు పుస్తకాలూ ముందేసుకున్నాను.

మొదటిది ఒక ఏజెంటు తెచ్చి ఇచ్చాడు. అన్నిటిలోకీ చవక. అట్ట నునుపుగా వుంది. మొదటి అధ్యాయాలు చదువుతుంటే మనసు పొంగిపోతుంది. యాభై వేల డాలర్ల వైద్యానికి హామీ. పెట్టె ఆలస్యంగా వస్తే డబ్బిస్తారు. పెట్టె పోతే డబ్బిస్తారు. పాస్‌పోర్టు పోతే కొత్తదానికయ్యే ఖర్చిస్తారు. విమానాన్ని ఎవరయినా హైజాక్ చేస్తే రోజుకింతని భత్యం కూడా ఇస్తారట! మా అమ్మ హైజాకయిన విమానంలో కూర్చుని భత్యం లెక్కేసుకుంటున్నట్టు వూహించుకుని నేనూ మావారూ నవ్వుకున్నాం.

అయితే అంత దూరం వూహించిన రచయితకి, మా అమ్మ రోజూ పొద్దున్న పలహారానికి ముందు వేసుకునే షుగరు బిళ్ళ తోచలేదు. తోచలేదనడం తప్పు. ఆఖరి పేజీల్లో, చీమలు బారు తీరినట్టున్న అక్షరాల్లో తోచింది. 'ప్రీ ఎగ్జిస్టింగ్ డిసీజ్', అంటే ముందునుంచీ వున్న జబ్బు. దానికీ, దానివల్ల వచ్చే ఏ చిక్కుకీ ఈ పాలసీ వర్తించదు. బి.పి., షుగరు వున్న మనిషికి గుండెకి రాని, కిడ్నీకి రాని, కంటికి రాని జబ్బేదో వెతికి పట్టుకుంటే దానికి మాత్రం డబ్బిస్తారన్నమాట.

ఇంకో పేజీలో ఒక పట్టిక వుంది. కథానాయికకి అరవై దాటితే యాభై వేల డాలర్లూ ఒక్క మొత్తంగా దక్కవు. ఆస్పత్రి గదికి రోజుకి 1,500 డాలర్లకి మించదు. సర్జన్ ఫీజుకి పది వేలు మించదు. అంబులెన్సుకింత, మత్తు ఇచ్చే డాక్టరుకింత అని ముక్కలు ముక్కలుగా పంచేశారు. వీటిని సబ్ లిమిట్లంటారు. గుమ్మంలో పెద్ద గుమ్మడికాయ చూపించి, లోపల చెంచాతో వడ్డించడమంటే ఇదే. చాలా నవలల్లో కూడా ఇంతే చూస్తున్నాం కదూ, హీరోయిన్‌కి వయసు మీదపడగానే రచయితకి ఆవిడమీద ఆసక్తి పోతుంది.

రెండోది చెల్లెలు పంపింది. అమెరికా కంపెనీది. అక్కడికి వెళ్ళే తల్లిదండ్రుల కోసమే రాసింది. ఇందులో రెండు జాతులున్నాయని తెలుసుకున్నాను. ఒక జాతి ఒక్కొక్క వైద్యానికి ఇంతని ముందే రేటు కట్టి, బిల్లెంతయినా అంతే ఇస్తుంది. ప్రీమియం తక్కువ. రెండో జాతి సమగ్రమయినది. చెల్లెలు పంపిన పుస్తకం ఈ రెండో జాతిది. దీంట్లో మొదటి 250 డాలర్లు మనవి. దాన్ని డిడక్టిబుల్ అంటారు. ఆ తర్వాత అయిదు వేల డాలర్లలో కంపెనీది 80 శాతం, మనది 20 శాతం. ఆపైన పాలసీ మొత్తం దాకా అంతా కంపెనీదే. ఇరవై వేల డాలర్ల బిల్లయితే మన చేతినుంచి పోయేది 250, దానిమీద ఒక వెయ్యి. లెక్కలు రాని నేనే వేశాను గనక మీరూ వెయ్యగలరు. వాళ్ళ జాబితాలో వున్న ఆస్పత్రికే వెళ్ళాలన్నది ఇందులో ముఖ్యమయిన షరతు.

శైలి మొదటిదానికంటే ఎంతో మేలు. మాట సూటిగా వుంది. కానీ ఒక చోట నేను ఆగిపోయాను. పాత జబ్బు 'అకస్మాత్తుగా, ముందు ఏ హెచ్చరికా లేకుండా' తిరగబెడితే, అదీ ఇరవై నాలుగు గంటల్లోగా వైద్యం చేయించుకుంటే, అప్పుడు మాత్రం ఖర్చు ఇస్తారట. మెల్లమెల్లగా ముదిరినదానికి ఇవ్వరట.

ఈ వాక్యం రాసినాయనకి మన అమ్మల సంగతి బొత్తిగా తెలియదు. హెచ్చరిక లేకుండా రావడమా? మన ఆడవాళ్ళకి హెచ్చరికలు ఏళ్ళతరబడి వస్తూనే వుంటాయి. మెట్లెక్కుతుంటే వస్తాయి. పిండి రుబ్బుతుంటే వస్తాయి. 'కాస్త గ్యాసు, అంతే' అని వామునీళ్ళు తాగి పడుకుంటారు. ఇరవై నాలుగు గంటల్లోగా డాక్టరు దగ్గరికా? 'తెల్లారనీ, చూద్దాం' అన్న మాట మీదే కదా మన ఇళ్ళల్లో రాత్రిళ్ళన్నీ గడిచేది!

మూడోది మళ్ళీ మన దేశపు కంపెనీదే. ప్రీమియం మొదటిదానికి రెట్టింపు పైగా వుంది. కాగితం నాసి, అచ్చు నాసి. విమానం బొమ్మ కూడా సరిగ్గా కుదరలేదు. కానీ రెండో పేజీలోనే 'మేము దేనికి డబ్బు ఇవ్వము' అన్న పట్టిక వేశారు. పాత జబ్బుని దాచకుండా ఫారంలో రాసినవాళ్ళకి, అది ప్రాణం మీదికి తెచ్చినప్పుడు, ఒక హద్దు దాకా ఖర్చు ఇస్తామన్నారు. డెబ్భై దాటితే డాక్టరు పరీక్షల కాగితాలు పంపమన్నారు. ఫారం నాలుగు పేజీలు. నవలగా చూస్తే ఇది మందకొడిగా నడుస్తుంది. కానీ పాత్రని తెలుసుకోకుండా కథ మొదలుపెట్టనన్న రచయిత పట్టుదల నాకు నచ్చింది.

మధ్యలో ఒక చిన్నకథ గురించి కూడా చెప్పాలి. రైలు టిక్కెట్టు ఇంట్లో కూర్చుని ఫోన్‌లో కొనేటప్పుడు, రూపాయి లోపు ఖర్చుతోనే ఇన్సూరెన్సు తీసుకునే సదుపాయం 2016 నుంచీ వుంది. ప్రమాదంలో ప్రాణం పోతే పది లక్షలు. మనమంతా ఆ గడిలో ఒక గీత గీసి వూరుకుంటాం. ఆ తర్వాత 'ఎవరికివ్వాలో పేరు రాయండి' అని ఫోన్‌కి కబురొస్తుంది. దాన్ని తెరిచేవాళ్ళెందరు? నేనూ తెరవలేదు. ఇన్సూరెన్సులో మనం రాయాల్సిన వాక్యం ఒకటి ఎప్పుడూ వుంటుంది. మనం దాన్ని ఖాళీగా వదిలేసి, పుస్తకం బాగాలేదంటాం.

సరిగ్గా ఆ ఖాళీ దగ్గరే మా కథ మలుపు తిరిగింది.

మొదటి పుస్తకం తెచ్చిన ఏజెంటు కుర్రాడు బుద్ధిమంతుడే. "బి.పి., షుగరూ వున్నాయని రాస్తే అనవసరంగా గొడవ మేడమ్. ఏమీ లేవని టిక్కులు పెట్టేస్తాను. సంతకం చేయించండి చాలు" అన్నాడు. మావారికీ ఆ మాట సబబుగానే తోచింది. నిజం చెప్పొద్దూ, నాకూ తోచింది. నాలుగు నెలల ప్రయాణానికి ఇంత రాద్ధాంతమెందుకని.

అయినా మూడో ఫారం నాలుగు పేజీలూ సంచిలో పెట్టుకుని తెనాలి వెళ్ళాను. అమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని శొంఠిపొడి పొట్లాలు కడుతోంది. నేను ఎదురుగా పీట వేసుకుని ప్రశ్నలు చదవడం మొదలుపెట్టాను.

పుట్టినతేదీ దగ్గరే ఇద్దరం నవ్వుకున్నాం. అమ్మని బళ్ళో వేసేటప్పుడు మేష్టారు వయసు చాలదని ఏడాదిన్నర ఎక్కువ వేశారట. పాస్‌పోర్టులో అదే దిగింది. ఈ పాలసీలన్నిటికీ డెబ్భై దగ్గర ఒక గీత వుంది. దాటితే ప్రీమియం పెరుగుతుంది. అమెరికా పుస్తకంలో అయితే పైగా పాత జబ్బుకిచ్చే మొత్తం కూడా తగ్గిపోతుంది. కాగితం మీద అమ్మకి ఇంకో రెండు నెలల్లో డెబ్భై నిండుతాయి. "ఆ మేష్టారి పుణ్యాన ముందు బళ్ళో చేరాను, ముందే ముసలిదాన్నీ అయ్యాను" అంది అమ్మ.

"గత నాలుగేళ్ళలో ఏ డాక్టరుకయినా చూపించుకున్నారా? ఏమయినా మందులు వాడుతున్నారా?"

"నీకు తెలియనిదేముందే? బి.పి. బిళ్ళ, షుగరు బిళ్ళ."

"ఛాతీలో నొప్పి, ఆయాసం ఎప్పుడయినా వచ్చాయా?"

పొట్లం కడుతున్న చేతులు ఆగాయి.

"అలా కూడా అడుగుతారా అందులో?"

"అడుగుతారమ్మా."

"రాయకపోతే ఏమవుతుంది?"

నేను కాగితం మీంచి తలెత్తి చూశాను. అమ్మ నావంక చూడ్డం లేదు. దారపుండని ఇటు తిప్పి అటు తిప్పి చూస్తోంది. నవలలు రాసేదాన్ని, మనుషుల మొహాలు చదువుతానని గర్వపడేదాన్ని. కన్నతల్లి మొహం చదవడానికి ఒక కంపెనీవాళ్ళు ప్రశ్న రాసి పంపాల్సి వచ్చింది.

శివరాత్రినాడు గుడిమెట్ల మీద వచ్చిందట. ఎడంచెయ్యి దాకా లాగిందట. పక్కింటావిణ్ణి తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్తే, పెద్ద పరీక్షలు చేయించాలి, విజయవాడ వెళ్ళమని చీటీ రాసిచ్చాడట. ఆ చీటీ ఏదమ్మా అంటే, లేచి వెళ్ళి బీరువాలో పట్టుచీరల కింద నుంచి తీసుకొచ్చింది. రేషన్‌కార్డు కవరులో నాలుగు మడతలు పెట్టి వుంది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే, "చెబితే పంపరుగా?" అంది. "దానికేం తల్లి లేదా, అంత దూరాన ఒక్కతే కనడానికి?"

ఏం జవాబు చెప్పను? నాకు కోపం రాలేదంటే అబద్ధం. కోపం వచ్చింది, ఏడుపొచ్చింది. ఫోన్‌లో చెల్లెలు "అక్కా, నువ్వయినా కనిపెట్టలేదా?" అని ఒక్క మాటంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే వుంది.

ఆ వారమే విజయవాడలో పరీక్షలయ్యాయి. ఒక రక్తనాళం బాగా మూసుకుపోయిందని స్టెంటు వేశారు. మూడు నెలలు ప్రయాణం వద్దన్నారు. విమానం టిక్కెట్టు రద్దు చేశాం. చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. పురుడు అక్కడి స్నేహితురాళ్ళు పోశారు. అమ్మ బారసాల ఫోన్‌లో చూసింది. చూస్తూ, పక్కన నిలబడ్డ నాతో, "నీ దిక్కుమాలిన కాయితం లేకపోతే ఈపాటికి నేనక్కడ వుండేదాన్ని" అంది.

నిజమే. ఆ కాయితం లేకపోతే అమ్మ పురిటికి అందేది. ఒకవేళ అందేది. ఆ 'ఒకవేళ' మీద నేను ఎన్ని రాత్రుళ్ళు నిద్రపోకుండా ఆలోచించానో! మొదటి పుస్తకంలో అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టి పంపివుంటే, విమానంలోనో, ఫ్రిస్కోలోనో, చెల్లెలు నొప్పులు పడుతున్న రోజునో ఆ నొప్పి మళ్ళీ వచ్చివుంటే? అప్పుడు ఆ పాలసీ మా చేతిలో చిత్తుకాగితమే. 'దాచారు' అన్న ఒక్క మాటతో కంపెనీవాళ్ళు తలుపు మూసేసేవారు. అలా మూసే హక్కు వాళ్ళకి మన టిక్కే ఇస్తుంది. ఆ ఏజెంటు కుర్రాడు సంతకం పెట్టడుగా, పెట్టేది అమ్మ.

ఈ విషయంలో పాత కథ ఒకటి వుంది. సుమత్రా ద్వీపంలో ఇంగ్లీషువాళ్ళ కోట ఒకటి వుండేది. శత్రువులు పట్టుకుంటే నష్టపరిహారం వచ్చేలా దాని గవర్నరు ఇన్సూరెన్సు తీసుకున్నాడు. ఫ్రెంచివాళ్ళు వచ్చి కోట పట్టుకున్నారు. కోట బలహీనంగా వున్న సంగతి చెప్పలేదు గనక డబ్బివ్వనన్నాడు ఇన్సూరెన్సు ఇచ్చినాయన. 1766లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అనే న్యాయమూర్తి తీర్పు చెప్తూ, ఈ ఒప్పందానికి పునాది నమ్మకమన్నాడు. తనకొక్కడికే తెలిసినదాన్ని ఎవరూ దాచకూడదు. ఆ ధర్మం ఇద్దరిదీ. అలాగని, ఇచ్చేవాడు తనకి తెలిసినదాన్నీ, తెలుసుకోగలిగినదాన్నీ అడక్కుండా వూరుకుని తర్వాత తప్పించుకోకూడదు. గవర్నరే గెలిచాడు.

అంత పాతకాలం ఎందుకు, మన సుప్రీంకోర్టే 2021 డిసెంబరులో ఒక కేసు తేల్చింది. ఒకాయన 2009లో బంధువుల పెళ్ళికి అమెరికా వెళ్ళాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగీదిగగానే చెమటలు పట్టి గుండెపోటు వచ్చింది. స్టెంట్లు వేశారు. ముందునుంచీ వున్న జబ్బులవల్ల వచ్చింది, అన్నీ మాకు చెప్పలేదు, కాబట్టి ఇవ్వమన్నది కంపెనీ. అయితే ఆయనకి షుగరు వున్న సంగతి పాలసీ ఇచ్చేముందే కంపెనీకి తెలుసు. తెలిసి ఇచ్చినవాళ్ళు తర్వాత అదే కారణం చూపించి తప్పుకోవడానికి వీల్లేదన్నది కోర్టు. న్యాయం జరగడానికి పన్నెండేళ్ళు పట్టింది, నిజమే. కానీ షుగరు సంగతి దాచిపెట్టి వుంటే ఆ పన్నెండేళ్ళ తర్వాత కూడా చెప్పుకోవడానికి ఆయనకేం మిగిలేది?

నేను మూడో పుస్తకాన్నే ఎన్నుకున్నాను. ఈలోగా కాగితం మీద అమ్మకి డెబ్భై నిండాయి. ప్రీమియం ఇంకా పెరిగింది. స్టెంటు సంగతి రాశాం, పరీక్షల కాగితాలన్నీ పంపాం. గుండెకి సంబంధించినదయితే ప్రాణాపాయ స్థితిలో మాత్రమే, అదీ ఒక హద్దు దాకానే ఇస్తామని జవాబు రాశారు. గొప్ప వరమేమీ కాదు. కానీ ఏమిస్తారో, ఏమివ్వరో మాకూ తెలుసు, అమ్మ గుండె సంగతేమిటో వాళ్ళకీ తెలుసు. ఇద్దరికీ తెలిసి రాసుకున్న కాగితానికి కాస్త బలం వుంటుంది. మావారు ప్రీమియం చూసి, "ఇంత పెడితే బంగారపు గాజు వచ్చేది కదోయ్" అన్నారు. వచ్చేది. పుట్టిన పిల్లకి కాలికి మువ్వలు కొని, గాజు మానేశాం.

సమీక్ష అన్నాక పాఠకురాళ్ళకి పనికొచ్చే నాలుగు మాటలు చెప్పకపోతే బాగుండదు. ఈ పుస్తకాలని వెనకనుంచి చదవండి. ముందు 'వర్తించదు' అన్న అధ్యాయం. తర్వాత నిర్వచనాలు. 'జబ్బు', 'అత్యవసరం', 'ప్రాణాపాయం' అన్న మాటలకి మన అర్థం వేరు, వాళ్ళ అర్థం వేరు. ఆ తర్వాత వయసు పట్టిక. ఈ మూడూ అయ్యాక మిగతాది చదివినా చదవకపోయినా ఫరవాలేదు. అట్టమీది పెద్ద అంకెని పోల్చకండి. ఆస్పత్రి గదికీ సర్జనుకీ విడివిడిగా హద్దులున్నాయా లేవా అన్నది పోల్చండి. పెట్టె పోతే ఎంతిస్తారన్నది ఆఖర్న చూడండి. పెట్టె పోతే గోంగూర పచ్చడి పోతుంది, అంతేగా. మన దేశపు పాలసీని ఇక్కడ వుండగానే కొనాలి, విమానమెక్కాక కాదు. బయల్దేరే రోజూ, తిరిగొచ్చే రోజూ తేదీల్లో కలిశాయో లేదో చూసుకోండి. ఆస్పత్రిలో చేరితే వెంటనే ఫోన్ చెయ్యమని ఒక నంబరిస్తారు. అది కొడుకు కంప్యూటరులో కాదు, అమ్మ పర్సులో వుండాలి. సందేహాలు ఏజెంటు నోటిమాటతో తీర్చుకోకండి. కంపెనీకి రాసి, రాతలోనే జవాబు తెప్పించుకోండి. ఆపైన అన్యాయం చేస్తే, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. హైదరాబాదులోనూ ఆఫీసుంది. ఫీజు లేదు, ప్లీడరక్కర్లేదు.

అన్నిటికంటే ముందు, ఫారం మీరు నింపకండి. అమ్మనో అత్తగారినో ఎదురుగా కూర్చోబెట్టుకుని, ప్రశ్నలన్నీ తెలుగులో చదివి, జవాబు చెప్పేదాకా ఆగండి. జవాబు రాకపోతే చేతులవంక చూడండి.

అమ్మ ఇప్పుడు ఫ్రిస్కోలో వుంది. మనవరాలికి నలుగు పెట్టి నీళ్ళు పోస్తోంది. కంపెనీ నంబరున్న చీటీ పర్సులో వెంకటేశ్వరస్వామి పటం వెనక దాచుకుంది. మొన్న ఆదివారం ఫోన్ చేసినప్పుడు మాటల మధ్యలో అంది, "నిన్న మేడమెట్లు ఎక్కుతుంటే కాస్త ఆయాసంగా అనిపించిందే. వెంటనే చెల్లికి చెప్పాను."

నాకు కాసేపు నోట మాట రాలేదు. నలభై ఆరేళ్ళుగా ఆవిడ కూతుర్ని నేను. తనకి ఒంట్లో బాగాలేదని ఆవిడంతట ఆవిడ చెప్పడం నేను వినడం ఇదే మొదటిసారి.

చెల్లెలు ఆ నంబరుకి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పిన క్లినిక్కుకి తీసుకెళ్ళిందట. పరీక్ష చేసి, గుండె బాగానే వుంది, చలికి జలుబు చేసిందన్నారట. మొదటి వంద డాలర్లూ మనమే భరించాలన్నది షరతు. ఫీజు అంతలోపే అయింది గనక చెల్లెలే కట్టింది.

"చూశావుటే, ఏమీ లేనిదానికి అంత డబ్బు దండగ" అంది అమ్మ.